ఇంగ్లీషు దీర్ఘ పదాల్లో అక్షర సామ్యాలు: రూపం, మూలం, అర్థం

ఇంగ్లీషులో ‘ఫసీషస్‌లీ’ అంటే సమయమూ సందర్భమూ చూడకుండా హాస్యమాడుతూ అని అర్థం. ‘ఆబ్‌స్టీమియస్‌లీ’ అంటే తిండిలోనూ తాగుడులోనూ నిగ్రహం పాటిస్తూ అని అర్థం. అర్థాన్ని బట్టి ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. అక్షరాలు విడదీసి పేర్చుకుంటే మాత్రం రెండింటికీ ఒకే లక్షణం కనిపిస్తుంది. మొదటిది ఎఫ్-ఏ-సి-ఈ-టి-ఐ-ఓ-యు-ఎస్-ఎల్-వై, 11 అక్షరాలు. రెండోది ఏ-బి-ఎస్-టి-ఈ-ఎమ్-ఐ-ఓ-యు-ఎస్-ఎల్-వై, 12 అక్షరాలు. ఇంగ్లీషు అచ్చులు అయిదూ (ఏ, ఈ, ఐ, ఓ, యు) రెండు మాటల్లోనూ ఒక్కొక్కటి ఒక్కసారే, వర్ణమాలలో ఉన్న వరసలోనే వస్తాయి. సగం అచ్చుగా పనిచేసే ‘వై’ చివర నిలబడి ఆ వరసను పూర్తిచేస్తుంది.

ఇలాంటి అక్షర సామ్యాలున్న పదాలను సేకరించి వర్గీకరించే పని ఇంగ్లీషులో ఒక చిన్న శాస్త్రంగా పెరిగింది. అమెరికన్ రచయిత డిమిట్రీ బోర్గ్‌మన్ 1965లో ‘లాంగ్వేజ్ ఆన్ వెకేషన్’ అనే పుస్తకం వెలువరించి, ఈ అధ్యయనానికి ‘లోగాలజీ’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. 1968లో ‘వర్డ్ వేస్’ అనే పత్రిక ఇందుకోసమే మొదలైంది. ఈ సాహిత్యంలో ఎక్కువ భాగం ఏ పదం ఎంత పొడవు, ఏ అక్షరం ఎన్నిసార్లు అనే లెక్కల మీద నడిచింది. ఆ లెక్క వెనక ఇంకో ప్రశ్న ఉంది: ఒక పదంలో అక్షరాలు అలాగే ఎందుకు అమరాయి? దీర్ఘ పదాలను ఉపసర్గ, ధాతువు, ప్రత్యయాలుగా విడగొట్టి చూస్తే చాలా సామ్యాలకు కారణం దొరుకుతుంది. కొన్నిటికి మాత్రం యాదృచ్ఛికత తప్ప వేరే కారణం ఉండదు. ఈ రెండు రకాలనూ వేరుచేసి చూపడమే ఈ వ్యాసం పని.

వరసలో అయిదు అచ్చులు

పైన చెప్పిన రెండు మాటల్లోనూ అయిదు అచ్చుల్లో మూడింటిని తెచ్చింది ఒక్క ప్రత్యయమే. ఐ-ఓ-యు-ఎస్ అనే ఈ తోక ఇంగ్లీషులో వందల విశేషణాల చివర ఉంటుంది. లాటిన్ నుంచి, చాలా మాటల్లో ఫ్రెంచి మీదుగా, ఇంగ్లీషులో స్థిరపడిన రూపం ఇది. ‘ఐ, ఓ, యు’ వరస అందులోనే సిద్ధంగా ఉంది కాబట్టి, దాని ముందు వచ్చే ధాతువులో ‘ఏ’, ఆ తరవాత ‘ఈ’ ఉంటే చాలు, అయిదూ వరసలో పడతాయి. ‘ఫసీషస్’ మూలం పరిహాసం అనే అర్థమున్న లాటిన్ మాట. ‘ఆబ్‌స్టీమియస్’ మూలంలో మద్యానికి లాటిన్‌లో ఉన్న పాత పేరు ‘టెమేటుమ్’, దూరంగా అనే అర్థమిచ్చే ఉపసర్గ ఉన్నాయి. అంటే మొదట్లో ఆ మాటకు మద్యం ముట్టనివాడు అని అర్థం. తరవాత అది తిండికి కూడా విస్తరించింది. రసాయన శాస్త్రంలో ఒక రకం ఆర్సెనిక్ సమ్మేళనాలకు వాడే ‘ఆర్సీనియస్’ కూడా ఇదే కోవలోది. మూడు మాటలకూ అర్థంలో సంబంధం లేకపోయినా, మూడింటికీ ఒకే దర్జీ కుట్టిన అంచులా ఆ ప్రత్యయం ఉంది.

వరసను తిరగేసిన మాటలూ ఉన్నాయి. ‘సబ్‌కాంటినెంటల్’ (ఉపఖండానికి చెందిన) అనే 14 అక్షరాల మాటలో అచ్చులు యు, ఓ, ఐ, ఈ, ఏ అనే క్రమంలో వస్తాయి. ‘అన్‌కాంప్లిమెంటరీ’ (మెచ్చుకోలు లేని, కించపరిచే) అనే 15 అక్షరాల మాటలోనూ అదే తిరుగు వరస ఉంటుంది. చివర ‘వై’ చేరుతుంది. ఇక్కడా కారణం నిర్మాణంలోనే ఉంది. మొదటి అచ్చు ‘యు’ను ఉపసర్గ తెచ్చింది. ‘ఓ’ను లాటిన్‌లో ‘కూడా, కలిసి’ అనే అర్థమున్న ఉపసర్గ తెచ్చింది. చివరి ‘ఏ’ విశేషణ ప్రత్యయానిది. రెండు మాటల్లోనూ ధాతువు వంతుగా మిగిలింది నడిమి భాగమే.

వరసతో పనిలేకుండా అయిదు అచ్చులనూ తక్కువ చోటులో ఇముడ్చుకున్న పదంగా ‘సెక్వోయా’ ప్రసిద్ధం. ఏడే అక్షరాల్లో ఈ, యు, ఓ, ఐ, ఏ అన్నీ ఉన్నాయి. అమెరికా పడమటి తీరంలో పెరిగే మహావృక్షం పేరు ఇది. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త స్టీఫాన్ ఎండ్‌లిఖర్ 1847లో ఆ ప్రజాతికి ఈ పేరు పెట్టాడు. చెరోకీ భాషకు 1821 నాటికి లిపి కూర్చిన సెక్వోయా గౌరవార్థం ఈ పేరు వచ్చిందని ఎక్కువమంది భావిస్తారు. ఆ లిపి ఇంగ్లీషు వర్ణమాల లాంటిది కాదు. తెలుగు గుణింతంలో లాగే ఒక్కో గుర్తు ఒక్కో అక్షరధ్వనిని పలుకుతుంది.

ఒకే అచ్చుతో నడిచే పదాలు

ఇంకో వర్గం పదాల్లో ఒక్క అచ్చే మళ్లీ మళ్లీ వస్తుంది. ‘స్ట్రెంగ్త్‌లెస్‌నెస్’ (బలహీనత) అనే 16 అక్షరాల మాటలో ‘ఈ’ తప్ప మరో అచ్చు లేదు. మూలపదం ‘స్ట్రెంగ్త్’, లేమిని చెప్పే ‘లెస్’, భావవాచకాన్ని చేసే ‘నెస్’ మూడూ జర్మానిక్ వంశానికి చెందిన ముక్కలే. మూడింటిలోనూ ఉన్న అచ్చు ‘ఈ’ ఒక్కటే. ‘డిఫెన్స్‌లెస్‌నెస్’ (రక్షణ లేని స్థితి) కూడా అలాగే 15 అక్షరాల పొడవునా ‘ఈ’తోనే సాగుతుంది. ‘అన్‌ట్రూత్‌ఫుల్’ (అసత్యమాడే) అనే 10 అక్షరాల మాటలో ‘యు’ మూడుసార్లు వస్తుంది: ఒకటి ఉపసర్గది, ఒకటి మూలపదానిది, ఒకటి ప్రత్యయానిది.

‘ఐ’ వైపు చూస్తే ‘ఇన్‌డివిజిబిలిటీ’ (విడదీయరానితనం) కనిపిస్తుంది. దాని 14 అక్షరాల్లో ఆరు ‘ఐ’లే. వ్యతిరేకార్థక ఉపసర్గ, విభజనను చెప్పే లాటిన్ ధాతువు, సాధ్యతను చెప్పే ప్రత్యయం, భావవాచక ప్రత్యయం, ఇలా లాటిన్ నుంచి వచ్చిన ప్రతి ముక్కా ఒకటో రెండో ‘ఐ’లను మోసుకొచ్చింది. గ్రీకు వైపు నుంచి ‘మోనాఫ్తాంగ్’ అనే 11 అక్షరాల మాట ఉంది. ఆరంభం నుంచి అంతం దాకా మారకుండా పలికే ఏకస్వరం అని ఈ భాషాశాస్త్ర పదానికి అర్థం. ఒకే స్వరాన్ని సూచించే ఈ మాటలో ఉన్న అచ్చక్షరం కూడా ఒకటే; ‘ఓ’ మూడుసార్లు వస్తుంది. గ్రీకులో ‘మోనోస్’ అంటే ఒక్కటి, ‘ఫ్తోంగోస్’ అంటే ధ్వని.

అయిదు అచ్చుల్లో ఒక్కటీ లేని పదాలకు ‘వై’ ఆసరా. లయ అనే అర్థమున్న ‘రిథమ్’లో అచ్చుపని ‘వై’ చేస్తుంది. ఆరు అక్షరాల ‘సిజిజీ’లో మూడు ‘వై’లు ఉన్నాయి. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే గీత మీదికి వచ్చే స్థితికి ఖగోళశాస్త్రంలో ఇది పేరు. అమావాస్యకూ పున్నమికీ సముద్రం పోటెక్కువగా ఉండడానికి ఈ స్థితే కారణం. రెండు మాటలూ గ్రీకువే. గ్రీకు అచ్చు ‘ఉప్సిలోన్’ లాటిన్ ద్వారా ఇంగ్లీషులో ‘వై’గా స్థిరపడింది. ‘సిజిజీ’ లోపల ఉన్న గ్రీకు మాట ‘జుగోన్’కు కాడి అని అర్థం. ఎడ్లను జతకలిపే కాడికి ఇంగ్లీషులో ఉన్న ‘యోక్’, సంస్కృతంలో ఉన్న ‘యుగం’ ఆ గ్రీకు మాటకు జ్ఞాతులు. తెలుగు పాఠకుడు రోజూ వాడే యోగం, యుగళం అనే మాటల ధాతువే ఈ ఆరు అక్షరాల వింత పదంలోనూ ఉంది.

ఏ అక్షరమూ తిరిగి రాని పదాలు

ఒక్క అక్షరం కూడా రెండోసారి రాని పదాన్ని ‘ఐసోగ్రామ్’ అంటారు. దీర్ఘ పదాల్లో ఈ లక్షణం చాలా అరుదు. 26 అక్షరాల వర్ణమాలలో 15 అక్షరాలను ఒక్కొక్కసారే వాడుకున్న మాటల్లో ‘అన్‌కాపీరైటబుల్’, ‘డెర్మటోగ్లిఫిక్స్’ ముఖ్యమైనవి. మొదటిదానికి రచనాధికారం కింద రక్షించడానికి వీలులేనిది అని అర్థం. అయిదు అచ్చులూ, ‘వై’ కూడా అందులో ఉండడం దాని మరో విశేషం. రెండోది వేళ్ల మీద, అరచేతుల మీద, అరికాళ్ల మీద ఉండే గీతల అధ్యయనం. గ్రీకులో చర్మం, చెక్కడం అనే అర్థాలున్న రెండు మాటలను కలిపి అమెరికన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త హెరాల్డ్ కమిన్స్ 1926లో ఈ పేరు పెట్టాడు. వేలిముద్రల వర్గీకరణ అంతకు ముందే భారతదేశంలో ఆచరణలోకి వచ్చింది. కలకత్తాలో 1897లో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది.

14 అక్షరాల ‘ఆంబిడెక్స్‌ట్రస్‌లీ’ కూడా ఈ వర్గంలోదే. రెండు చేతులతోనూ సమానమైన నేర్పుతో అని దాని అర్థం. తెలుగులో ఇందుకు సరిపోయే మాట సవ్యసాచి. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెడితే రెండు భాషల చూపు తెలుస్తుంది. లాటిన్ మాట రెండు చేతులూ కుడిచేతులే అయినవాడు అంటుంది. సంస్కృత పదం ఎడమచేత్తో కూడా బాణం వెయ్యగలవాడు అంటుంది. సవ్యం అంటే ఎడమ.

ఐసోగ్రాములు అరుదుగా ఉండడానికి కారణం ప్రత్యయాల్లో ఉంది. ‘నెస్’, ‘లెస్’ రెండింటి చివరా ‘ఎస్’ జంటగా ఉంటుంది. వాటిలో ఏది చేరినా ఆ పదం ఈ వర్గం నుంచి తప్పుకున్నట్టే. ‘ఐజేషన్’ అనే తోకలో ‘ఐ’ రెండుసార్లు ఉంది. ఇంగ్లీషు పదాన్ని పొడిగించడానికి ఎక్కువగా పనికివచ్చే ప్రత్యయాలే అక్షరాల పునరుక్తిని తెస్తాయి. అందువల్ల పొడవు పెరిగేకొద్దీ ఈ లక్షణం నిలవడం కష్టమవుతుంది.

దీనికి ఎదురు వర్గంలో ప్రతి అక్షరమూ సరిగ్గా రెండుసార్లే వచ్చే పదాలు ఉన్నాయి. పేగులు అనే అర్థమున్న ‘ఇంటెస్టైన్స్’లో ఐ, ఎన్, టి, ఈ, ఎస్ అనే అయిదు అక్షరాలు రెండేసిసార్లు వచ్చి 10 అక్షరాలయ్యాయి. గుర్రాలకు లాడాలు కొట్టే పనివాడు అనే అర్థమున్న ‘హార్స్‌షూయర్’, నేరం మోపి న్యాయస్థానం ముందు నిలబెట్టడం అనే అర్థమున్న ‘అరెయినింగ్’ కూడా ఈ కోవలోవే.

గుంపులు, జంటలు, ఏకాంతరం

అచ్చులూ హల్లులూ గుంపుగా రావడం, ఒకటి విడిచి ఒకటి రావడం ఇంకో రకం సామ్యాలు. ‘క్యూయింగ్’ అనే మాటలో ‘క్యు’ అక్షరం తరవాత యు, ఈ, యు, ఈ, ఐ అనే అయిదు అచ్చులు వరసగా నిలబడి ఉంటాయి. బస్సు కోసం, రేషను కోసం జనం నిలబడే క్యూ నుంచే ఈ మాట వచ్చింది. దాని మూలం తోక అనే అర్థమున్న లాటిన్ పదం. చెవికి ఒక్క చిన్న పలుకుగా వినిపించే ధ్వనికి కంటికి ఇన్ని అక్షరాలు కనిపించడానికి కారణం ఫ్రెంచి వర్ణక్రమం. ఇంగ్లీషు ఆ మాటను పలుకుతో పాటు రాతను కూడా అలాగే తీసుకుంది.

హల్లుల గుంపులకు కారణం ఎక్కువగా సమాసం. గడియకు కట్టి తలుపు బయటికి వదిలే తాడును ‘లాచ్‌స్ట్రింగ్’ అంటారు. అందులో ఆరు హల్లులు వరసగా ఉన్నాయి. లండన్‌లోని ‘నైట్స్‌బ్రిడ్జ్’ పేటపేరులోనూ అంతే. హల్లుల గుంపుతో ముగిసే మాట పక్కన హల్లుల గుంపుతో మొదలయ్యే మాట చేరితే ఇలా అవుతుంది. ‘బుక్‌కీపర్’ (పద్దులు రాసేవాడు) అనే మాటలో రెండు ఓలు, రెండు కేలు, రెండు ఈలు వరసగా వచ్చి మూడు జంటలు ఏర్పడ్డాయి. నడిమి జంట పుట్టింది రెండు మాటలు కలిసిన చోటే.

హల్లూ అచ్చూ ఏకాంతరంగా వచ్చే దీర్ఘ పదానికి ఉదాహరణ ‘హోనోరిఫికాబిలిటూడినిటాటిబస్’. గౌరవాలు పొందదగిన స్థితి అనే అర్థంలో మధ్యయుగపు లాటిన్‌లో పుట్టిన మాటకు ఇది ఒక విభక్తి రూపం. మొత్తం 27 అక్షరాలు. షేక్‌స్పియర్ నాటకం ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ అయిదో అంకంలో కోస్టర్డ్ అనే పల్లెటూరివాడి నోట ఈ మాట వస్తుంది. ఆ నాటకం 1598లో అచ్చయింది. ఈ పదంలోని అక్షరాలను తారుమారు చేస్తే, నాటకాలు ఫ్రాన్సిస్ బేకన్ రాసినవేనని చెప్పే లాటిన్ వాక్యం వస్తుందని ఎడ్విన్ డర్నింగ్-లారెన్స్ 1910లో వాదించాడు. ఆ వాదం నిలవలేదు. ఈ పదాన్ని 1561లో బేకన్ పుట్టడానికి సుమారు రెండున్నర శతాబ్దాల ముందే, అతి దీర్ఘ పదానికి ఉదాహరణగా ఇటలీ కవి డాంటే ప్రస్తావించాడు.

పదబంధాల్లో ఇదే లక్షణమున్నది ‘యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్’. 1971 డిసెంబరు 2న ఏర్పడిన ఈ దేశం పేరులోని 18 అక్షరాలూ అచ్చు, హల్లు, అచ్చు, హల్లు అనే క్రమం తప్పకుండా నడుస్తాయి. ఉపాధి కోసం అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు ఆ పేరును వీసా కాగితాల మీద ఎన్నోసార్లు రాసి ఉంటారు.

అతి దీర్ఘ పదాలు: మూడు నిదర్శనాలు

దీర్ఘ పదాలను హాస్యంగా ‘సెస్‌క్విపెడేలియన్’ అంటారు. అడుగున్నర పొడవున్నది అని దాని అసలు అర్థం. లాటిన్ కవి హోరేస్ పెద్ద పెద్ద మాటలను ఈ కొలతతో వర్ణించాడు. నిఘంటువుల్లో చేరిన అడుగున్నర మాటల్లో మూడింటి నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే అక్షర సామ్యాల మూలం తేటపడుతుంది.

మొదటిది ‘ఫ్లోక్సినాసినైహిలిపిలిఫికేషన్’, 29 అక్షరాలు. దేన్నయినా పనికిరానిదిగా లెక్కగట్టడం అని అర్థం. ఇంత పొడవున ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడుకయ్యే అక్షరం ‘ఈ’ ఒక్కసారి కూడా రాదు. ‘ఐ’ మాత్రం తొమ్మిదిసార్లు వస్తుంది. లాటిన్ వ్యాకరణ పాఠంలో, ఏమాత్రం విలువ లేదు అని చెప్పడానికి షష్ఠీ విభక్తిలో వాడే నాలుగు మాటలను పిల్లలచేత వల్లె వేయించేవారు. ఆ నాలుగింటి అర్థాలు ఉన్నిపోచ, అల్పవస్తువు, శూన్యం, వెంట్రుక. లాటిన్‌లో ఆ తరగతి నామవాచకాలకు షష్ఠి రూపం ‘ఐ’తో ముగుస్తుంది. నాలుగు రూపాలనూ గుదిగుచ్చి, చెయ్యడం అనే అర్థమిచ్చే తోక తగిలించడంతో ఈ మాట తయారైంది. కవి విలియం షెన్‌స్టోన్ 1741లో రాసిన లేఖలో ఇది కనిపిస్తుంది. తొమ్మిది ‘ఐ’లలో నాలుగింటి వెనక ఉన్నది ఆ విభక్తి ప్రత్యయమే. తెలుగులోనూ ఇదే భావానికి గడ్డిపోచ, చిల్లిగవ్వ, పూచికపుల్ల, వెంట్రుక అక్కరకొస్తాయి. తృణీకారం అన్నా గడ్డిపోచే. రెండు భాషలూ అల్పత్వాన్ని కొలవడానికి ఇంచుమించు ఒకే రకం వస్తువులను ఎంచుకున్నాయి.

రెండోది ‘యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం’, 28 అక్షరాలు. స్థాపించు అనే క్రియ దీని నడిమి భాగం. దానికి ‘మెంట్’ చేరితే స్థాపన. ఇంగ్లండ్ సందర్భంలో రాజ్యం గుర్తింపు పొందిన చర్చి అనే ప్రత్యేకార్థం. ముందు ‘డిస్’ చేరితే ఆ గుర్తింపును తీసివేయడం. వెనక ‘ఏరియన్’ చేరితే ఆ పక్షంవాడు, ‘ఇజం’ చేరితే ఆ సిద్ధాంతం. అన్నిటికన్నా ముందు ‘యాంటీ’ చేరితే ఆ సిద్ధాంతానికి వ్యతిరేకత. అంటే చర్చికీ రాజ్యానికీ ఉన్న బంధాన్ని తెంచకూడదనే వాదం. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఇది నిజమైన రాజకీయ వివాదం. 1869 చట్టం ప్రకారం ఐర్లండ్ చర్చికి ఆ హోదా 1871 జనవరి 1న పోయింది; వేల్స్‌లో 1920లో పోయింది. ఒక్కో ప్రత్యయమూ ఆ వాదోపవాదాల్లో ఒక్కో మెట్టు.

మూడోది ‘న్యూమనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్’, 45 అక్షరాలు. అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో వైద్యశాస్త్ర పదాల దీర్ఘత్వాన్ని అనుకరిస్తూ దీన్ని కల్పించాడు. ఊపిరితిత్తి, మించిన, సూక్ష్మదర్శినికి సంబంధించిన, సిలికా, అగ్నిపర్వతం, ధూళి, రోగస్థితి అనే అర్థాల ముక్కలు ఇందులో వరసగా ఉన్నాయి. అన్నీ కలిపితే, అతి సూక్ష్మమైన సిలికా ధూళిని పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. 45 అక్షరాల్లో ‘ఓ’ తొమ్మిదిసార్లు వస్తుంది. గ్రీకు సంప్రదాయంలో రెండు ముక్కలను అతకడానికి మధ్యలో ‘ఓ’ చేర్చడమే దీనికి ముఖ్య కారణం. న్యూమన్, మైక్ర్, సిలిక్ అనే ముక్కలకు అతుకుగా ఆ ‘ఓ’ నిలబడింది. సంధి జరగనిచోట తెలుగులో యడాగమం వచ్చినట్టే, ఇక్కడ ‘ఓ’ వచ్చి మాటలను కలుపుతుంది.

పదం కల్పితమే అయినా జబ్బు కల్పితం కాదు. వైద్యులు దాన్ని సిలికోసిస్ అంటారు. రాళ్లు కొట్టేవాళ్లు, గనుల్లో పనిచేసేవాళ్లు, రాతిపొడిలో బతికేవాళ్లు దాని బారిన పడతారు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక మీద రాసే బలపాలు కోసే కార్మికులు ఈ జబ్బుతో ఊపిరి పోగొట్టుకున్నారు. పిల్లల చేత మొదటి అక్షరాలు దిద్దించిన బలపం వెనక ఆ పొడి ఉంది. 45 అక్షరాల ఈ మాటను చమత్కారంగా వల్లించేటప్పుడు దాని అర్థాన్ని కూడా తలుచుకోవడం ఆ కార్మికులకు ఇవ్వవలసిన కనీస గౌరవం.

ఒకే అక్షరాలు, వేరు వేరు పదాలు

ఒక పదంలోని అక్షరాలన్నీ మరో పదంలోనూ అంతే సంఖ్యలో ఉండడాన్ని ‘అనగ్రామ్’ అంటారు. చిన్న పదాల్లో ఇవి కోకొల్లలు. పొడవు పెరిగేకొద్దీ అరుదు. 12 అక్షరాల ‘కన్సర్వేషన్’ (సంరక్షణ), ‘కాన్వర్సేషన్’ (సంభాషణ) ఇందులో సులభమైన జంట. ‘ఎస్’, ‘వి’ అనే రెండు అక్షరాలు చోటు మార్చుకోవడమే వాటి తేడా. ఉపసర్గ ఒకటే, ప్రత్యయం ఒకటే. కాపాడు అనే ధాతువూ, తిరుగు అనే ధాతువూ లాటిన్‌లో దాదాపు ఒకే అక్షరాలతో ఉండడం వల్ల ఈ జంట కుదిరింది.

14 అక్షరాల మూడు మాటలు ఒకే అక్షర సమూహాన్ని పంచుకోవడం ఇంతకన్నా విశేషం. ‘ఇంటరాగేటివ్స్’ అంటే ప్రశ్నార్థకాలు. ‘రీఇన్వెస్టిగేటర్’ అంటే మళ్లీ దర్యాప్తు చేసేవాడు. ‘టెర్జివర్సేషన్’ అంటే సూటిగా జవాబు చెప్పకుండా మాట మార్చడం. వెన్ను తిప్పడం అనేది దాని లాటిన్ మూలార్థం. మూడింటిలోనూ టి, ఈ, ఆర్, ఐ రెండేసిసార్లు వస్తాయి. జి, వి, ఎస్, ఏ, ఓ, ఎన్ ఒక్కొక్కసారి వస్తాయి. ప్రశ్న, తిరగదోడే దర్యాప్తు, తప్పించుకునే జవాబు: ఒక విచారణ గదిలో జరిగేదంతా ఈ 14 అక్షరాల్లోనే ఇమిడింది. అర్థాలు ఇలా కలవడం కేవలం యాదృచ్ఛికం. అక్షరాలు కలవడంలో మాత్రం లాటిన్ ఉపసర్గల, ప్రత్యయాల పాత్ర ఉంది.

15 అక్షరాల జంట ‘సినిమాటోగ్రాఫర్’, ‘మెగాకైరాప్టెరన్’. మొదటిదాన్ని తెలుగు సినిమా అభిమానికి పరిచయం చెయ్యనక్కరలేదు. గ్రీకులో చలనం, రాయడం అనే మాటల మీద అది నిలబడింది. రెండోది పండ్లు తినే పెద్ద గబ్బిలాల జాతికి శాస్త్రీయమైన పేరు. గ్రీకులో పెద్ద, చెయ్యి, రెక్క అనే మాటల కూడిక. చేతినే రెక్కగా మార్చుకున్న జీవి అని గబ్బిలం శరీరనిర్మాణాన్ని ఆ పేరు ఒక్క మాటలో చెబుతుంది.

కేవలం యాదృచ్ఛికమైన సామ్యాలు

కొన్ని సామ్యాలు పదనిర్మాణానికి బయటనుంచి వచ్చినవి. 1874లో మార్కెట్‌లోకి వచ్చిన షోల్స్ అండ్ గ్లిడెన్ టైప్‌రైటర్‌తో ప్రచారంలోకి వచ్చిన మీటల అమరికే కొద్ది మార్పులతో నేటి కంప్యూటర్ కీబోర్డుల్లోనూ ఉంది. ‘టైప్‌రైటర్’ అనే మాటలోని 10 అక్షరాలూ అందులో పైవరస మీటల మీదే ఉన్నాయి. ‘ప్రొప్రయిటర్’ (యజమాని), ‘పర్‌పెట్యుయిటీ’ (శాశ్వతత్వం) కూడా అంతే. ‘స్టీవర్డెసెస్’ (విమాన పరిచారికలు) అనే 12 అక్షరాల మాటను ఎడమచేతి వేళ్లతోనే కొట్టవచ్చు. ఆ యంత్రం రాకముందు ఈ సామ్యాలకు ఉనికి లేదు. అమరిక మారితే ఇవీ పోతాయి.

వర్ణమాల క్రమాన్ని అనుసరించే పదాలూ ఇలాంటివే. ‘ఏజిలాప్స్’ అనే 8 అక్షరాల మాటలో అక్షరాలన్నీ ఏ నుంచి ఎస్ వైపు వరసగా సాగుతాయి. గోధుమకు దగ్గరి చుట్టమైన గడ్డి ప్రజాతి పేరు ఇది. రొట్టెగోధుమ వారసత్వంలో దీని వంతు ఉంది. ‘స్పూన్‌ఫీడ్’ (చెంచాతో తినిపించు) అనే 9 అక్షరాల మాటలో క్రమం తిరగబడుతుంది. ‘అండర్‌గ్రౌండ్’ (భూగర్భం) అనే మాట మొదటి మూడు అక్షరాలూ చివరి మూడు అక్షరాలూ యు-ఎన్-డి అనే ఒకే వరస. పలుకులో ఆ రెండు చోట్లా అచ్చుధ్వని ఒకటి కాదు. వీటిలో ఏ లక్షణమూ పదం చరిత్రను చెప్పదు. కారణమున్న సామ్యానికీ యాదృచ్ఛిక సామ్యానికీ గుర్తు ఇదే: ప్రత్యయాన్ని తీసి చూస్తే కూలిపోయేది మొదటి రకం, ఏ ముక్కకూ ఆపాదించలేనిది రెండో రకం.

అక్షరాన్ని విడిచిపెట్టడం: లైపోగ్రామ్, నిరోష్ఠ్యం

పదాల్లో వెతికిన నియమాన్ని రచనంతటా పాటించిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. ఒక అక్షరాన్ని పూర్తిగా విడిచి రాసే రచనను ‘లైపోగ్రామ్’ అంటారు. అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ 1939లో వెలువరించిన ‘గాడ్స్‌బీ’ నవల 50,000 మాటలకు పైగా ‘ఈ’ అక్షరం లేకుండా నడుస్తుంది. పొరపాటున కూడా ఆ అక్షరం పడకుండా టైప్‌రైటర్‌లో దాని మీటను ఆయన కట్టేశాడు. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1969లో ‘ఈ’ లేకుండా ‘లా డిస్పరిసియోన్’ రాశాడు. గిల్బర్ట్ అడేర్ ఇంగ్లీషు అనువాదం కూడా ‘ఈ’ లేకుండానే 1994లో వచ్చింది. ‘ఈ’ని వదిలితే ఇంగ్లీషులో అతడు, ఆమె అనే సర్వనామాలు, నిశ్చయార్థక ఉపపదం, భూతకాలాన్ని చెప్పే మామూలు ప్రత్యయం అన్నీ పోతాయి.

సంస్కృతంలోనూ తెలుగులోనూ ఇలాంటి నియమాలకు చాలా పాత సంప్రదాయం ఉంది. అక్కడ నియమం మరో చోట ఉంటుంది. దండి ‘దశకుమారచరితం’ ఏడో ఉచ్ఛ్వాసంలో మంత్రగుప్తుడు తన కథను ఓష్ఠ్యాక్షరాలు లేకుండా చెబుతాడు. ప్రియురాలి దంతక్షతాలతో పెదవులు నొచ్చి ఉండడం అందుకు కారణం. విడిచిపెట్టినవి ప, ఫ, బ, భ, మ వంటి పెదవులతో పలికే ధ్వనులు. తెలుగులో కుతుబ్‌షాహీల కాలానికి చెందిన మరింగంటి సింగరాచార్యుడు ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్య కావ్యంగా రచించాడు. కావ్యం పేరే నియమాన్ని చూపుతుంది. రామ శబ్దంలో పెదవులు కలిసే ‘మ’ ఉంది కాబట్టి నాయకుణ్ని ఆ పేరుతో పిలవడానికి వీల్లేదు. ‘దశరథరాజనందన’ అనే సమాసాన్ని నెమ్మదిగా పలికితే పెదవులు ఒక్కసారి కూడా తాకవు. అవధానంలో తరవాత వచ్చే అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధించే నిషిద్ధాక్షరి, చెప్పిన అక్షరాన్ని చెప్పిన స్థానంలో నిలిపే న్యస్తాక్షరి ఈ సంప్రదాయంలోనివే.

రైట్ కట్టేసింది యంత్రంలోని మీటను. దండి పాత్ర కట్టుబడింది పెదవులకు. ఇంగ్లీషు నియమం కంటికి చెందినది, నిరోష్ఠ్యం నోటికి చెందినది. తెలుగులో అక్షరమూ ధ్వనీ ఒకదాన్నొకటి వదలవు. ఇంగ్లీషులో ఆ రెండూ శతాబ్దాల కిందటే వేరు దారులు పట్టాయి. పలుకు మారింది, రాత పాత మూలాన్ని పట్టుకుని నిలబడింది.

లిపి మార్చితే నిలిచేదేమిటి

ఈ తేడాను పరీక్షించడానికి తెలుగు లిపే తగిన సాధనం. వ్యాసం మొదట్లో చెప్పిన మాటను ‘ఫసీషస్‌లీ’ అని తెలుగులో రాయగానే అయిదు అచ్చుల వరస మాయమవుతుంది. ‘క్యూయింగ్’లో అయిదు అచ్చుల గుంపు ఉండదు. ‘యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్’లో ఏకాంతరం చెదిరిపోతుంది. ఈ సామ్యాలన్నీ వర్ణక్రమానివే తప్ప ధ్వనివి కావని దీనివల్ల రుజువవుతుంది. ‘హోనోరిఫికాబిలిటూడినిటాటిబస్’ మాత్రం తెలుగు లిపిలోనూ తన రూపం నిలుపుకుంది: హో, నో, రి, ఫి, కా, బి, లి, టూ, డి, ని, టా, టి అని హల్లూ అచ్చూ కలిసిన పన్నెండు అక్షరాలు వరసగా వచ్చి, చివర ‘బస్’తో ముగుస్తుంది. లాటిన్‌లో రాసినట్టే పలుకుతారు కాబట్టి అందులోని అమరిక కంటికీ చెవికీ ఒకటే.

లిపి మారినా పోనిది పదనిర్మాణం. ఉన్నిపోచనూ వెంట్రుకనూ ఒక్కచోట కూర్చిన విభక్తి, ఊపిరితిత్తినీ ధూళినీ అతికిన ‘ఓ’, విశేషణాల అంచుగా నిలిచిన ప్రత్యయం, ఎడ్లను జతకలిపే కాడి, ఇవన్నీ ఏ లిపిలో రాసినా విప్పి చూపించగలిగినవే. ఇంగ్లీషు దీర్ఘ పదాన్ని కంఠస్థం చేసే విద్యార్థి దాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క మూలం తెలుసుకుంటే, వర్ణక్రమమూ అర్థమూ కలిసే గుర్తుంటాయి. ఆ ముక్కలు తెలిసినవాడికి 45 అక్షరాల మాట కూడా ఏడెనిమిది చిన్న మాటల కూడికే.